నూనె తాగి ప్లాస్టిక్ దాచుకునే బాక్టీరియా

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు చదువుకు పనికొచ్చే వ్యాసం ఒకటి రాసి పంపమని వార్డెన్ సారు కబురు చేశారు. ఆరో తరగతి నుంచి పదో తరగతి వరకు మేము ఈ హాస్టల్లోనే ఉన్నాం. ఇదే వరండాలో ట్రంకుపెట్టె మీద పుస్తకం పెట్టుకుని చదివాం. ఇప్పుడు ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ రెండో సంవత్సరంలో ఉన్నాం. మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్నది మేమే మొదలు. అందుకే మేము నేర్చుకున్న వాటిలో ఒక మంచి పాఠాన్ని మీతో పంచుకోవడం మా బాధ్యత అనుకుని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

పోయిన ఏడాది వార్షికోత్సవానికి మేము వచ్చాం. మీ నాటకం, కోలాటం చూశాం. భోజనాలయ్యాక చేతులు కడుక్కుందామని వంటగది వెనక్కి వెళితే అక్కడ రెండు వస్తువులు మా కంట పడ్డాయి. ఒకటి, బజ్జీలు వేసిన పెద్ద బాండలి. దాని అడుగున నల్లగా చిక్కబడిన నూనె మిగిలి ఉంది. రెండోది, వాడి పారేసిన ప్లాస్టిక్ గ్లాసులు, కవర్ల కుప్ప. ఒక ఆవు వచ్చి ఆ కుప్పలో మూతి పెట్టింది. మెతుకులు అంటుకున్న కవరును కవరుతో సహా నమిలి మింగింది.

నల్లబడిన నూనె ఒక చెత్త. ప్లాస్టిక్ ఇంకొక చెత్త. ఈ రెండింటికీ సంబంధం ఉందని ఎవరైనా అంటే ఆ రోజుల్లో మేము నవ్వేవాళ్లం. కానీ సంబంధం ఉంది. కొన్ని రకాల బాక్టీరియాలు నూనెను ఆహారంగా తీసుకుని తమ ఒంట్లో ప్లాస్టిక్ లాంటి పదార్థాన్ని దాచుకుంటాయి. ఆ పదార్థంతో కవర్లు, స్పూన్లు, స్ట్రాలు చేయవచ్చు. వాడిన తర్వాత అవి మట్టిలో కలిసిపోతాయి. అది ఎలా సాధ్యమో, అందులో ఉన్న చిక్కు ఏమిటో ఇప్పుడు చూద్దాం.

మామూలు ప్లాస్టిక్ మట్టిలో ఎందుకు కలవదు?

ప్లాస్టిక్‌ను ఒక పూసల దండ అనుకోండి. చిన్న చిన్న అణువులు పూసల్లా వేల సంఖ్యలో ఒకదానికొకటి అతుక్కుంటే పెద్ద దండ తయారవుతుంది. దీన్నే పాలిమర్ అంటారు. మన కవర్లలో ఉండే పాలిథీన్‌లో పూసకూ పూసకూ మధ్య ఉన్నది కర్బనం–కర్బనం బంధం. మట్టిలోని బాక్టీరియాల దగ్గర, బూజుల దగ్గర రకరకాల ఎంజైములు ఉన్నాయి. పిండిపదార్థాన్ని కోసేది ఒకటి, మాంసకృత్తులను కోసేది మరొకటి, కొవ్వును కోసేది ఇంకొకటి. కానీ పాలిథీన్ దండను సులువుగా కోసే కత్తెర వాటి దగ్గర లేదు. అందుకే అది ఏళ్ల తరబడి అలాగే పడి ఉంటుంది. ఎండకు పెళుసెక్కి చిన్న ముక్కలవుతుంది తప్ప మట్టిగా మారదు.

దీని వల్ల జరిగే నష్టం మన జిల్లాల వాళ్లకు కొత్త కాదు. పుట్టపర్తిలోని కరుణ సొసైటీ అనే జంతు సంరక్షణ సంస్థ, ఆవుల కడుపుల్లో పేరుకుపోతున్న ప్లాస్టిక్ కవర్ల గురించి 2012లో సుప్రీంకోర్టులో పిటిషన్ వేసింది. పశువు మింగిన కవరు అరగదు, బయటికీ రాదు. కడుపులో ముద్దగా పేరుకుంటుంది. చూసేవాళ్లకు పొట్ట నిండుగానే కనిపిస్తుంది, పశువు మాత్రం ఆకలితో చిక్కిపోతుంది.

బాక్టీరియా ఒంట్లో దాచుకునే సొమ్ము

ఇప్పుడు బాక్టీరియా సంగతికి వద్దాం. 1926లో ఫ్రాన్స్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో మోరిస్ లెమోయిన్ అనే శాస్త్రవేత్త ‘బాసిల్లస్ మెగాటీరియం’ అనే మట్టి బాక్టీరియాలో ఒక కొత్త పదార్థం ఉన్నట్టు కనుక్కున్నాడు. దాని పేరు పాలీహైడ్రాక్సీ బ్యూటిరేట్. క్లుప్తంగా పి.హెచ్.బి. అంటారు. తర్వాత ఇలాంటి పదార్థాలు చాలా బయటపడ్డాయి. ఆ కుటుంబం మొత్తానికి పాలీహైడ్రాక్సీ ఆల్కనోయేట్లు, అంటే పి.హెచ్.ఎ. అని పేరు.

బాక్టీరియాకు ఇది ఎందుకు? మన ఒంట్లో కొవ్వు ఎందుకో, దానికి ఇది అందుకే. తిండి దండిగా ఉన్నప్పుడు దాచుకుని, కరువు వచ్చినప్పుడు కరిగించుకుని బతుకుతుంది. సూక్ష్మదర్శినిలో చూస్తే కణం లోపల గుండ్రటి రేణువులుగా కనిపిస్తుంది. ఒక్కో రేణువు మిల్లీమీటరులో కొన్ని వేలవ వంతు కంటే చిన్నది. పరిస్థితులు అనుకూలిస్తే ఎండబెట్టిన కణం బరువులో 80 శాతం వరకు ఈ రేణువులే ఉంటాయి. అంటే ఎండు బాక్టీరియా కిలో తీసుకుంటే అందులో 800 గ్రాములు ప్లాస్టిక్ అన్న మాట.

ఈ పనిలో అందరికంటే పేరు పడ్డ బాక్టీరియా ‘క్యుప్రియావిడస్ నెకటార్’. పాత పుస్తకాల్లో దీన్నే ఆల్కలీజీన్స్ యూట్రోఫస్ అనీ, రాల్‌స్టోనియా యూట్రోఫా అనీ రాశారు. అంతకుముందు హైడ్రోజినోమోనాస్ అన్నారు. మధ్యలో కొంతకాలం వాటర్సియా అన్నారు. పుస్తకానికొక పేరు చూసి మేము మొదట ఐదు వేరు వేరు బాక్టీరియాలేమో అనుకుని నోట్సు కూడా విడివిడిగా రాసుకున్నాం. పరీక్ష ముందు రోజు తెలిసింది, అన్నీ ఒకటేనని! మీరు లైబ్రరీలో చదివేటప్పుడు మాలాగా మోసపోకండి.

మా మొదటి ప్రయోగం ఎందుకు చెడిపోయింది?

ఎమ్మెస్సీలో మాకు ఒక ప్రాజెక్టు ఉంటుంది. మేము చెనక్కాయ నూనె మిల్లు వెనక నూనె ఇంకిన మట్టిని తెచ్చి, అందులోని బాక్టీరియాలను వేరు చేశాం. నూనె ఉన్న చోట నూనెను తినే జీవి ఉంటుంది కదా అని మా ఆశ. వాటికి మాంసరసం, పెప్టోన్ ఉన్న మంచి బలమైన తిండి పెట్టి పెంచాం. బాగా పెరిగాయి. గాజు పలక మీద పూత పూసి, సూడాన్ బ్లాక్ అనే రంగు వేశాం. ఈ రంగు కొవ్వు లాంటి పదార్థాన్ని పట్టుకుంటుంది. రేణువులుంటే నల్లగా కనిపించాలి. తర్వాత వేసే సాఫ్రనిన్ రంగుతో మిగతా కణం గులాబీ రంగులో కనిపించాలి.

చూస్తే అంతా గులాబీయే. నల్ల చుక్క ఒక్కటీ లేదు. మూడుసార్లు చేశాం. అదే ఫలితం. మా పని ఇక అయిపోయిందనుకున్నాం.

మా సారు పలక చూసి ఒక ప్రశ్న అడిగారు. “ఒక మేస్త్రీ దగ్గర ఇటుకలున్నాయి, సిమెంటు ఉంది, ఇసుక ఉంది. ఏం చేస్తాడు?” ఇల్లు కడతాడు అన్నాం. “ఇటుకలు లారీలకు లారీలు వస్తున్నాయి, సిమెంటు మాత్రం లేదు. అప్పుడు?” ఇటుకలను పేర్చి పెట్టుకుంటాడు అన్నాం. “మరి మీరు అన్నీ పెడితే అది పేర్చి పెట్టుకోవడం దేనికి? ఇల్లు కట్టుకుంటుంది” అన్నారు.

మాకు అప్పుడు అర్థమైంది. ఇటుకలంటే కర్బనం. సిమెంటు అంటే నత్రజని, భాస్వరం వంటివి. కొత్త కణాలను కట్టుకోవాలంటే మాంసకృత్తులు కావాలి, వాటికి నత్రజని తప్పనిసరి. కర్బనం మాత్రం విపరీతంగా ఇచ్చి నత్రజనిని కట్టడి చేస్తే, బాక్టీరియా పెరగలేక ఆ కర్బనాన్ని పి.హెచ్.బి.గా పేర్చి పెట్టుకుంటుంది. నత్రజని తగ్గించి, నూనె పెంచి మళ్లీ చేశాం. రెండు రోజుల తర్వాత గులాబీ రంగు కణాల్లో నల్ల పూసలు కనిపించాయి. ఆ రోజు మా ఆనందం మాటల్లో చెప్పలేం. పుస్తకంలో వంద సార్లు చదివిన వాక్యం ఒక చెడిపోయిన ప్రయోగంతో ఒంటబట్టింది.

నూనె ప్లాస్టిక్‌గా మారే దారి

ఇక అసలు పాఠం. నూనె బొట్టు నుంచి ప్లాస్టిక్ రేణువు వరకు ఏం జరుగుతుందో వరుసగా చూద్దాం.

1. నూనె, నీళ్లు కలవవు. బాక్టీరియా ఉండేది నీళ్లలో. కాబట్టి ముందు నూనెను సన్నటి బిందువులుగా చెదరగొట్టాలి. అమెరికాలోని ఎం.ఐ.టి. పరిశోధకులు 2011లో ఇందుకు తుమ్మ జాతి చెట్ల బంకను వాడి చూపించారు. మన ఊళ్లలో పిల్లలు కాగితాలు అంటించుకునే తుమ్మబంక లాంటిదే అది!

2. బాక్టీరియా లైపేజ్ అనే ఎంజైమును బయటికి వదులుతుంది. నూనె అణువు అంటే ఒక గ్లిజరాల్‌కు మూడు కొవ్వు ఆమ్లాలు తగిలించి ఉన్నది. లైపేజ్ ఆ బంధాలను కోసి కొవ్వు ఆమ్లాలను విడదీస్తుంది.

3. కొవ్వు ఆమ్లాలు కణం లోపలికి వెళతాయి. అక్కడ బీటా ఆక్సీకరణం అనే పద్ధతిలో రెండేసి కర్బనాల చొప్పున తెగుతాయి. 18 కర్బనాలున్న కొవ్వు ఆమ్లం నుంచి 9 ముక్కలు వస్తాయి. ఈ ముక్క పేరు అసిటైల్ కో-ఎ.

4. రెండు ముక్కలను ఒక ఎంజైము కలుపుతుంది. రెండో ఎంజైము దానికి హైడ్రోజన్ చేరుస్తుంది. ఇప్పుడు నాలుగు కర్బనాల పూస తయారైంది.

5. మూడో ఎంజైము ఆ పూసలను దండగా గుచ్చుతుంది. దీని పేరు పి.హెచ్.ఎ. సింథేజ్. దండ పొడవయ్యే కొద్దీ రేణువుగా చుట్టుకుంటుంది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఈ దండలో పూసకూ పూసకూ మధ్య ఉన్నది ఎస్టర్ బంధం. నూనెలో గ్లిజరాల్‌కూ కొవ్వు ఆమ్లానికీ మధ్య ఉన్నది కూడా ఎస్టర్ బంధమే. ఆ బంధాన్ని కోసే కత్తెరలు ప్రకృతిలో ఉన్నాయి. మట్టిలోని ఎన్నో బాక్టీరియాలు, బూజులు పి.హెచ్.ఎ.ను కోసే ఎంజైములను వదులుతాయి. పాలిథీన్‌కు లేని అదృష్టం పి.హెచ్.ఎ.కు ఉన్నది అందుకే. గాలి తగిలే చోట అది చివరికి కార్బన్ డై ఆక్సైడ్‌గా, నీరుగా మారిపోతుంది.

ఇంకో ముచ్చట. పి.హెచ్.బి. పూసను విడదీస్తే వచ్చేది హైడ్రాక్సీ బ్యూటిరిక్ ఆమ్లం. మనం చాలాసేపు ఏమీ తినకుండా ఉంటే మన కాలేయం కొవ్వును కరిగించి ఇదే పదార్థాన్ని రక్తంలోకి వదులుతుంది. అంటే ఇది మన ఒంటికి పరాయిది కాదు. ఇదే కుటుంబానికి చెందిన మరో పదార్థంతో చేసిన, ఒంట్లోనే కరిగిపోయే కుట్టు దారాన్ని 2007లో అమెరికా ప్రభుత్వం ఆపరేషన్లలో వాడేందుకు అనుమతించింది.

చక్కెర మేలా? నూనె మేలా?

బాక్టీరియాకు చక్కెర పెట్టినా ప్లాస్టిక్ చేస్తుంది. మరి నూనె ఎందుకు? ఒక చిన్న లెక్క వేద్దాం. పదో తరగతి వాళ్లు కాగితం తీసుకోండి.

గ్లూకోజు అణుభారం 180. అందులో కర్బనం 72. అంటే 40 శాతం. పి.హెచ్.బి.లో ఒక పూస భారం 86. అందులో కర్బనం 48. అంటే దాదాపు 56 శాతం. నూనెలో కర్బనం దాదాపు 77 శాతం. తక్కువ కర్బనం ఉన్న చక్కెర నుంచి ఎక్కువ కర్బనం ఉన్న ప్లాస్టిక్ చేయాలంటే సరుకు ఎక్కువ పట్టడం సహజం. పైగా గ్లూకోజు విరిగేటప్పుడు 6 కర్బనాల్లో 2 కార్బన్ డై ఆక్సైడ్‌గా గాలిలో కలుస్తాయి. మిగిలిన 4 తోనే పూస తయారవుతుంది. కాబట్టి 180 గ్రాముల గ్లూకోజుకు ఎంత బాగా చేసినా 86 గ్రాములకు మించి రాదు. అంటే 100 గ్రాములకు 48 గ్రాములు. వాస్తవంలో వచ్చేది 30 నుంచి 40 గ్రాములు. కొవ్వు ఆమ్లం రెండేసి కర్బనాలుగా తెగేటప్పుడు ఇలాంటి నష్టం లేదు.

జపాన్ పరిశోధకులు సోయా నూనెతో క్యుప్రియావిడస్ నెకటార్‌ను పెంచి 2004లో ప్రకటించిన ఫలితం చూడండి. 100 గ్రాముల నూనెకు 72 నుంచి 76 గ్రాముల ప్లాస్టిక్ వచ్చింది. చక్కెరతో పోలిస్తే దాదాపు రెట్టింపు.

నూనెతో మరో లాభం కూడా ఉంది. ఒట్టి పి.హెచ్.బి. పెళుసుగా ఉంటుంది. వంచితే విరుగుతుంది. 175 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అంతకంటే కొంచెం ఎక్కువ వేడి తగిలితే చెడిపోతుంది. అందువల్ల దానితో పని చేయడం కష్టం. నాలుగు కర్బనాల పూసల మధ్య అక్కడక్కడ ఆరు కర్బనాల పూసలు గుచ్చితే దండ మెత్తబడి వంగుతుంది. కొవ్వు ఆమ్లం ముక్కలయ్యే దారిలోనే ఆరు కర్బనాల ముక్క ఒక మజిలీ. దాన్ని అక్కడే అందుకుని దండలో చేర్చే ఎంజైములు కొన్ని బాక్టీరియాలకు ఉన్నాయి.

జపాన్‌కు చెందిన కనెకా సంస్థ 1991లో తకసాగోలోని తమ ఫ్యాక్టరీ ఆవరణలోని మట్టిలోనే ఇలాంటి బాక్టీరియాను కనుక్కుంది. దాని పేరు ఏరోమోనాస్ కేవియే. అయితే అది ప్లాస్టిక్‌ను ఎక్కువగా దాచుకోదు. అందుకని దాని సింథేజ్ జన్యువును బాగా దాచుకునే క్యుప్రియావిడస్ నెకటార్‌లో పెట్టారు. ఒకరి తెలివి, ఇంకొకరి బలం కలిశాయి. 2011లో ఏడాదికి 1,000 టన్నులు చేయగల ప్లాంటు పెట్టారు. 2019లో దాన్ని 5,000 టన్నులకు పెంచారు. ముడిసరుకు మొక్కల నూనెలే.

మరి ఎందుకు ఊరూరా రాలేదు?

ఇంత మంచి వస్తువైతే మన అంగళ్లలో ఎందుకు లేదు అని మీకు సందేహం రావాలి. రావాలి కూడా. ఏ కొత్త విషయం విన్నా “మరి ఎందుకు జరగలేదు?” అని అడగడం చదువుకున్న వాడి లక్షణం.

మొదటి కారణం ధర. బాక్టీరియాను పెద్ద పెద్ద ట్యాంకుల్లో పెంచాలి. గాలి ఊదాలి, కలియబెట్టాలి, 30 డిగ్రీల వేడి దగ్గర నిలపాలి, వేరే సూక్ష్మజీవులు చొరబడకుండా చూడాలి. తర్వాత కణాలను పగలగొట్టి ప్లాస్టిక్‌ను బయటికి తీయాలి. ప్రయోగశాలలో మేము క్లోరోఫామ్‌లో కరిగించి మిథనాల్‌లో పోస్తే తెల్లటి దూది తునకల్లా తేలింది. ఫ్యాక్టరీలో టన్నుల కొద్దీ క్లోరోఫామ్ వాడితే ఖర్చూ ఎక్కువే, మనుషులకూ హానే. అందుకే వేరే పద్ధతులు వెతుకుతున్నారు.

బ్రిటన్‌కు చెందిన ఐ.సి.ఐ. సంస్థ గ్లూకోజుతో ‘బయోపాల్’ అనే పేరుతో ఈ ప్లాస్టిక్‌ను తయారు చేసింది. 1990లో జర్మనీలో దానితో చేసిన షాంపూ సీసాలు అంగళ్లకు వచ్చాయి. కానీ మామూలు ప్లాస్టిక్ కంటే ధర ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ వ్యాపారం 1996లో మోన్‌శాంటో చేతికి, 2001లో మెటబాలిక్స్ చేతికి మారింది. అమెరికాలో కనోలా నూనెతో పి.హెచ్.ఎ. చేసిన డానిమర్ సంస్థ 2025 మార్చిలో దివాలా పిటిషన్ వేసింది. కాబట్టి సైన్సు గెలిచినంత మాత్రాన బజారులో గెలిచినట్టు కాదని గుర్తుంచుకోవాలి.

రెండో కారణం పరిమాణం. ప్రపంచంలో ఏటా 40 కోట్ల టన్నులకు పైగా ప్లాస్టిక్ తయారవుతోంది. దాన్ని 5,000 టన్నులతో భాగించి చూడండి. 80,000 వస్తుంది. అంటే 5,000 టన్నుల ప్లాంట్లు 80,000 కావాలి. అన్ని ప్లాంట్లకు అంత నూనె ఎక్కడి నుంచి వస్తుంది?

అమ్మ అడిగిన ప్రశ్న

మాకు ఈ ప్రశ్న పుస్తకంలో కాదు, ఇంట్లో ఎదురైంది. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ‘ఏం చదువుతున్నావు?’ అని అమ్మ అడిగింది. మా నాన్న, అమ్మ చెనక్కాయలు పీకే కూలి పనికి పోతారు. అమ్మకు సూక్ష్మజీవి అంటే తెలియదు. అందుకని కంటికి కనిపించని పురుగులనీ, వాటికి నూనె పోస్తే కవర్లు చేసే సరుకు ఇస్తాయనీ చెప్పాం. గొప్పగా మెచ్చుకుంటుందనుకున్నాం. అమ్మ కాసేపు చేతిలో పని ఆపి చూసింది.

“ఏం నాయనా, మనకు తిరగవాతకే నూనె సాలదే. మీరు పురుగులకు పోస్తాండారా?” అంది.

మాకు నోట మాట రాలేదు. మా ఇంట్లో నూనె ప్యాకెట్ మూల కత్తిరించి, చివరి బొట్టు వరకు పిండి, ఆ ప్యాకెట్‌నే పెనానికి రుద్దేవాళ్లు. 100 గ్రాములకు 74 గ్రాముల చొప్పున లెక్క వేసి చూశాం. కిలో నూనెకు 740 గ్రాముల ప్లాస్టిక్. ఒక్కో కవరు 5 గ్రాములనుకుంటే 148 కవర్లు. ఒక కుటుంబానికి ఎన్నో రోజుల కూర నూనె, బజారులో ఒక్క పూటలో చేతులు మారి చెత్తకుప్పలో పడే 148 కవర్లు! మన దేశం వాడే వంట నూనెలో సగానికి పైగా విదేశాల నుంచే కొనుక్కుంటోంది. అలాంటి చోట తినే నూనెను కవర్లకు పోస్తే నూనె ధర ఎవరి ఇంట్లో పెరుగుతుంది? ఇండోనేషియా, మలేషియాల్లో పామాయిల్ తోటల కోసం అడవులు నరికిన సంగతి కూడా లోకానికి తెలిసిందే. ఆవును బతికించబోయి అడవిని చంపితే ఏం లాభం?

అమ్మ ఐదో తరగతి కూడా చదవలేదు. కానీ పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు ‘ఆహారమా, ఇంధనమా, ప్లాస్టిక్కా’ అని చర్చించుకునే ప్రశ్నను ఒక్క మాటలో అడిగింది.

నల్ల నూనెలో జవాబు

ఈ ప్రశ్నకు పూర్తి జవాబు మా దగ్గర లేదు కానీ, ఒక దారి మాత్రం ఉంది. అది హాస్టల్ వంటగది వెనక మేము చూసిన బాండలిలోనే ఉంది.

ఒకే నూనెను మళ్లీ మళ్లీ కాచితే అది విరిగి, ఆక్సీకరణం చెంది, పోలార్ కాంపౌండ్లు అనే పదార్థాలు పెరుగుతాయి. అవి 25 శాతం దాటిన నూనెను వంటకు వాడకూడదని ఆహార భద్రతా సంస్థ ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. పెట్టిన నిబంధన 2018 జూలై 1 నుంచి అమల్లో ఉంది. అదే ఏడాది ఆగస్టులో వాడేసిన నూనెను సేకరించి బయోడీజిల్ చేయించే ‘రూకో’ అనే కార్యక్రమాన్ని కూడా ఆ సంస్థ మొదలుపెట్టింది. మనిషికి పనికిరాని ఆ నూనెను బాక్టీరియా మాత్రం ఇష్టంగా తింటుంది. పైగా కాగి కాగి కొంత విరిగి ఉంటుంది కాబట్టి లైపేజ్ చేయాల్సిన పనిలో కొంత పొయ్యి మీదే అయిపోయి ఉంటుంది. మాడిన తునకలను వడకట్టాలి, నీళ్లు, ఉప్పు తీసేయాలి. చెక్ దేశంలోని బ్రనో సాంకేతిక విశ్వవిద్యాలయం పరిశోధకులు వాడేసిన వంట నూనెతోనే పి.హెచ్.ఎ. చేసే పద్ధతిని అభివృద్ధి చేశారు.

ఇందులోనూ ఇబ్బందులున్నాయి. ప్రతి ఇంట్లో అర గ్లాసు, ప్రతి హోటల్లో రెండు డబ్బాలు చొప్పున చెదిరి ఉన్న నూనెను ఎవరు సేకరిస్తారు? ఒక చోట పామాయిల్, ఒక చోట చెనక్కాయ నూనె, ఒక చోట పొద్దుతిరుగుడు నూనె. రోజుకొక రకం తిండి పెడితే బాక్టీరియా ఇచ్చే సరుకు కూడా ఒకే తీరుగా ఉండదు. ఎంత సేకరించినా ప్రపంచపు ప్లాస్టిక్ అవసరానికి అది చాలదు. అందువల్ల ఈ ప్లాస్టిక్‌ను అన్నిటికీ వాడాలని చూడకూడదు. తప్పనిసరిగా మట్టిలోకే పోయే వస్తువులకు వాడాలి. పొలంలో కప్పే షీట్లు, నారు మొక్కల సంచులు, ఆపరేషన్ దారాలు అలాంటివి.

మోసపోకుండా తెలుసుకోవలసినవి

అంగట్లో ఆకుపచ్చ రంగు కవరు మీద ఆకు బొమ్మ వేసి ‘పర్యావరణ హితం’ అని రాస్తారు. దాన్ని చూసి నమ్మకండి. మామూలు పాలిథీన్‌లోనే కొన్ని రసాయనాలు కలిపి త్వరగా ముక్కలయ్యేలా చేసినవి కొన్ని ఉన్నాయి. ముక్కలవడం వేరు, మట్టిలో కలవడం వేరు. మొక్కజొన్న చక్కెరతో చేసే పి.ఎల్.ఎ. అనే ప్లాస్టిక్ 58 డిగ్రీల వేడి ఉండే పెద్ద కంపోస్టు కేంద్రాల్లో బాగా కుళ్లుతుంది కానీ, మన పెంటదిబ్బ పక్కన చాలాకాలం అలాగే ఉంటుంది. పి.హెచ్.ఎ. మామూలు మట్టిలో, సముద్రపు నీటిలో కూడా కరుగుతుంది. అయితే అదీ మాయమంత్రం కాదు. మందం, తేమ, వేడిని బట్టి కాలం పడుతుంది. కవరు రోడ్డు మీద వేసిన గంటకే ఆవు వస్తే, ఏ కవరైనా ఆవు కడుపులోకే పోతుంది.

మన దేశంలో 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు, స్పూన్లు, స్ట్రాలు నిషేధం. అదే ఏడాది డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల కంటే పలుచని కవర్లు కూడా నిషేధం. కంపోస్టు అయ్యే కవర్లకు ఈ మందం నిబంధన నుంచి మినహాయింపు ఉంది కానీ, దానికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్ ఉండాలి. కవరు మీద ఆకు బొమ్మ కాదు, ఆ సర్టిఫికెట్ వివరాలు ఉన్నాయా అని చూడడం నేర్చుకోండి.

మనం చేయగలిగింది

తమ్ముళ్లారా! ఫ్యాక్టరీ పెట్టడం ఇవాళ మన చేతిలో లేదు. కానీ మూడు పనులు మన చేతిలో ఉన్నాయి.

ఒకటి, ఈ ఏడాది వార్షికోత్సవానికి మన స్టీలు పళ్లాలు, స్టీలు గ్లాసులే వాడుదాం. కడగడానికి సీనియర్లు, జూనియర్లు వంతులు వేసుకుందాం. మేము వస్తే మొదటి వంతు మాదే. బాక్టీరియా చేసిన ప్లాస్టిక్ ఎంత గొప్పదైనా, పదేళ్లు వాడే స్టీలు గ్లాసు ముందు దిగదుడుపే.

రెండు, బజ్జీలు వేశాక నల్లబడిన నూనెను మళ్లీ కూరలో వేయవద్దని, కాలువలో పోయవద్దని వంట అక్కకు, వార్డెన్ సారుకు మర్యాదగా చెప్పండి. డబ్బాలో పోసి పెడితే సేకరించే వాళ్లకు ఇవ్వవచ్చు.

మూడు, ఇంటర్లో బై.పి.సి. తీసుకునే వాళ్లు భయపడకండి. ‘మనకు ల్యాబులెందుకులే’ అని మాతో కూడా అన్నారు. మట్టి అందరి కాళ్ల కిందా ఉంది. ప్లాస్టిక్ చేసే బాక్టీరియా జపాన్ ఫ్యాక్టరీ మట్టిలో దొరికినట్టే, మనకు చెనక్కాయ మిల్లు వెనక మట్టిలోనూ దొరికింది. ఆకలి తెలిసిన వాళ్లు ల్యాబులోకి వస్తేనే, నూనెను ఎవరికి పోస్తున్నామనే ప్రశ్న ల్యాబులోకి వస్తుంది.

అమ్మకు తర్వాత సెలవుల్లో మళ్లీ చెప్పాం. “తినే నూనె కాదమ్మా, మాడిపోయిన నూనె” అన్నాం. “అట్లయితే సరే” అంది. మా ప్రాజెక్టుకు మేము అందుకున్న మొదటి ఆమోదం అదే.

ఆలోచించండి

1. నత్రజని బాగా ఇస్తే బాక్టీరియా పి.హెచ్.బి.ని ఎందుకు దాచుకోదు?
2. 100 గ్రాముల గ్లూకోజు నుంచి 48 గ్రాముల కంటే ఎక్కువ పి.హెచ్.బి. ఎందుకు రాదో లెక్క వేసి చూపండి.
3. మన హాస్టల్లో నెలకు ఎంత వంట నూనె నల్లబడి పారబోస్తున్నామో వంట అక్కను అడిగి రాసుకోండి. అందులోంచి ఎంత ప్లాస్టిక్ వస్తుంది?

మూడో ప్రశ్నకు జవాబు మాకు ఉత్తరం రాయండి. దాని కోసం ఎదురుచూస్తుంటాం.